ఆడపడుచు అడిగిన కాయ

“ఈ ఏటి కాయ మొత్తం నాకు కావాలి” అని లెసియెలి వదిన రెండోసారి అంది.

మొదటిసారి అన్నప్పుడు నేను వినపడనట్టు టీ కలుపుతూ కూర్చున్నాను. రెండోసారి అన్నాక ఆ నటన చెల్లదు. చెంచా పక్కన పెట్టాను.

వాకిట్లో బుట్టలు వరసగా పేర్చి ఉన్నాయి. వనిల్లా కోతకని పిలిచిన ఆడవాళ్లు తొమ్మిదిమంది సీమపనస చెట్టు కింద కూర్చుని, రొట్టె నములుతూ మా గుమ్మంవైపే చూస్తున్నారు. ఇవాళ శనివారం. చీకటి పడేలోగా కోసేయాలి. రేపు ఆదివారం, మా వవావు దీవిలో ఎవరూ పని ముట్టుకోరు. ఎల్లుండి పొద్దున్నే కొనేవాడి పడవ రేవులో ఉంటుంది. ఇదంతా వదినకు తెలుసు. తెలిసే రాజధాని నుంచి రాత్రంతా ఓడలో కూర్చుని వచ్చి, మొహమైనా కడుక్కోకుండా మా నడింట్లో చాప మీద చతికిలబడింది.

మా ఆయన పౌలియాసి ఇంట్లో లేడు. అంటే, గుమ్మానికి మూడడుగుల అవతల వసారాలో ఉన్నాడు. మా ఆచారంలో అక్క లోపల ఉండగా తమ్ముడు లోపల కూర్చోకూడదు. ఎదురుపడి మాట్లాడుకోకూడదు. ఆవిడ అన్నది ఆయనకు వినపడుతూనే ఉంటుంది. ఆయన దగ్గు ఆవిడకు వినపడుతూనే ఉంటుంది. అయినా మధ్యలో నేను తిరుగుతూ ఉండాలి. ఇరవై ఎనిమిదేళ్లుగా వీళ్లిద్దరి మధ్య తిరిగి తిరిగి ఆ గడప అరిగిపోయింది.

లేచి వసారాలోకి వెళ్లాను.

“మీ అక్క కాయ మొత్తం కావాలంటోంది.”

“విన్నాను.”

“ఏం చెప్పమంటావు?”

ఆయన తాడు పేనుతున్నాడు. పేనడం ఆపలేదు.

“అడిగింది కదా.”

“అడిగింది. నువ్వేమంటావని.”

“అడిగిందంటే అయిపోయినట్టే కదా, సెయినీ.”

నాకు ఒళ్లు మండింది. మండి మాత్రం చేసేదేముంది? మా తోంగా దేశంలో తండ్రి అక్క మాటకు తిరుగులేదు. ఆ హక్కుని ఫహూ అంటాం. తమ్ముడింట్లో పందినడగొచ్చు, చాపనడగొచ్చు, బిడ్డనైనా అడగొచ్చు. లేదన్నవాణ్ణి నేను పుట్టిన హాపై దీవిలోనూ చూడలేదు, మెట్టిన వవావులోనూ చూడలేదు. ఆడబిడ్డ అర్ధమొగుడంటారు. మా దగ్గర ఆ సగం లెక్క చాలదు.

పదేళ్లనాడు ఇదే చాప మీద కూర్చుని నా కుట్టుమిషను అడిగి పట్టుకుపోయింది. అది నేనింకా మరిచిపోలేదు.

వెనకవైపు వంటపాకలో నా కూతురు లతై తారో దుంప చెక్కు తీస్తోంది. అలికిడి లేదు. ఆ కాయ మీద దాని పేరు రాసి లేదుగానీ, ప్రతి కాయా దాని చేతి మీదుగా పుట్టిందే. వనిల్లా పువ్వు ఒక్క పొద్దుటిపూటే విచ్చుకుంటుంది. ఆ కాసేపట్లో మనిషి పుల్లతో రేకు ఎత్తి పుప్పొడి ముట్టిస్తేనే కాయ కడుతుంది. నిరుడు పూలకాలమంతా ఇది తెల్లారకముందే తోటలోకి పోయేది. జ్వరం వచ్చినా పోయింది. ఇప్పుడా కాయ ఇంకా పచ్చిగా ఉంది. కొస పసుపెక్కడానికి ఆరు వారాలుంది. పచ్చికాయ కోస్తే బరువుంటుందిగానీ వాసనుండదు.

అయినా కోతకు ఒప్పుకున్నది మేమే. నా కొడుకు సియోసాయా పోయిన ఆదివారం చర్చి హాల్లో కితియోనె అనే ఏజెంటుకు మాటిచ్చేశాడు. ఉత్తి మాటైతే ఎలాగో సర్దుకునేవాళ్లం. వాడు పాస్టరుగారిని పిలిచి ఆ బేరం మీద ప్రార్థన చేయించాడు. ఊరంతా ఆమెన్ అంది. వాడి పక్కనే నిలబడ్డ తండ్రి కూడా అన్నాడు. దేవుడి ముందు పెట్టిన బేరాన్ని వెనక్కి తీసుకునే మొగాడు మా ఊళ్లో లేడు.

లతై ఒక్క మాట అనలేదు. ఎలా అంటుంది? తమ్ముడితో అక్క వాదులాడకూడదు. అక్క ఎదుట తమ్ముడు బేరం సంగతి ఎత్తకూడదు. వారం రోజులుగా ఈ ఇంట్లో ఇద్దరు పిల్లలు ఒకే విషయం మీద కుమిలిపోతూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

ట్రక్కు వచ్చి ఆగింది. సియోసాయా దిగాడు. వాడి అడుగుల చప్పుడు వినగానే లతై దుంపలు అక్కడే వదిలి పెరట్లోకి వెళ్లిపోయింది.

వాడు లోపలికొచ్చి, తల వంచి, వదిన ముందు నేలమీద కూర్చున్నాడు. సంగతి బయట ఆడవాళ్లు అప్పుడే చెప్పేసినట్టున్నారు. చెవులు ఎర్రగా ఉన్నాయి.

“అత్తా, ప్రయాణం బాగా జరిగిందా?”

“వాంతులయ్యాయి. నీ సంగతి చెప్పు.”

“నేను మాటిచ్చేశాను అత్తా. ప్రార్థన కూడా అయింది.”

“ఎవరి కాయ మీద ఇచ్చావురా మాట?”

“నాన్నది.”

“నాన్నదైతే నాది.”

వాడు చెడ్డవాడు కాదు, ఇరవై నాలుగేళ్లవాడు. పక్క ఊళ్లో అందరి తోటల్లో దొంగలు పడితే తండ్రితోపాటు రాత్రులు కాపలా కాసింది వాడే. ఆ భయంతోనే పచ్చికాయ బేరం ఒప్పుకున్నాడు.

“ఆరు వారాలు తీగమీద ఉంచితే దొంగల పాలవుతుంది అత్తా. పోయినేడు సగం పోయింది. ఉన్నప్పుడే అమ్ముకోవడం తెలివి కాదా? పైగా వచ్చే నెల తిమింగలాలు వస్తాయి. యాత్రికులకి చూపించడానికి తీసుకెళ్లే పడవలో వాటా ఇస్తానని ఒకాయన అన్నాడు. ఇప్పుడు కాకపోతే ఇంకెవరికో ఇచ్చేస్తాడు.”

“తిమింగలాలు ఏటా వస్తాయి. వాటికి వేరే పనేం ఉంది?”

“దొంగలూ ఏటా వస్తారు.”

బాగానే అన్నాడనుకున్నాను. వదిన కూడా అలాగే అనుకుందేమో, కాస్త నవ్వింది.

“పౌలియాసి తోటలో దూరతారు. దూరాల్సిందే. వాడి మొహం చూస్తే నాకే దొంగతనం చెయ్యాలనిపిస్తుంది. లెసియెలి తోటని తెలిశాక ఎవడు దూరతాడో చూద్దాం. దొంగకి మాత్రం మేనత్త ఉండదా?”

వసారాలో దగ్గు వినపడింది.

“మరి కితియోనెకి ఏం చెప్పను అత్తా? నలుగురిలో నా పరువేం కాను?”

అప్పుడు వదిన ముందుకు వంగింది. గొంతు తగ్గించింది. ఆ గొంతులో దర్పం లేదు. బిడ్డకి అన్నం కలిపి పెడుతున్నట్టు ఉంది.

“నీ పరువుకేం కాదు నాయనా. కాయ అమ్మేది లేదని చెప్పకు. నాన్న వద్దన్నాడని చెప్పకు. మా అత్త వచ్చి అడిగిందని చెప్పు. అంతే. ఇంకో ముక్క కలపకు. ఆ మనిషి ఏమంటాడో విని రా.”

వాడు లేచి, అత్తకి వీపు చూపకుండా అలాగే గుమ్మందాకా నడిచి, బయటపడ్డాడు. వాకిట్లో ఆడవాళ్లకు వాడే చెప్పాడు. “ఇవాళ కోత లేదు పిన్నీ. అత్త కాయ అడిగింది.”

వాళ్లు గొణుగుతారనుకున్నాను. పొద్దున్నుంచీ కూర్చున్నారు, కూలి పోయింది. ఒక్కరూ గొణగలేదు. అందరిలోకీ నోరున్న వైయోలా బుట్ట చంకనెత్తుకుంటూ, “అంత సముద్రం దాటొచ్చి అడిగిందంటే, తమ్ముడి ఇల్లంటే ఎంత ప్రేమో” అంది. ఇంకొకావిడ నా కొడుకు భుజం తట్టి, “అడిగించుకునే ఇల్లురా మీది” అంది.

గుమ్మంలో నిలబడి ఆ మాట విన్నాను.

తండ్రి వద్దంటే కొడుకు ఏడాది పాటు తలెత్తుకు తిరగలేకపోయేవాడు. లతై వద్దంటే ఊరు ఆ పిల్లని జన్మంతా ఆడిపోసుకునేది. నేను వద్దంటే హాపై నుంచొచ్చినదానికి వవావు మర్యాద ఏం తెలుసననేవాళ్లు. కోత ఆపడానికి ఉన్న దారులన్నిట్లోనూ ఎవరో ఒకరు పడిపోయే గొయ్యి ఉంది. ఈవిడ ఎవరూ పడని దారి వెతికి, దానిమీద నడుచుకుంటూ వచ్చింది. పైగా ఊరి చేత మెచ్చుకోలు కూడా ఇప్పించింది. వారమంతా నేను మంచం మీద దొర్లి దొర్లి ఆలోచించాను. నా బుర్రకి ఈ దారి తట్టనే లేదు.

తిరిగి చూస్తే వదిన చల్లారిన టీ తాగుతోంది.

“చక్కెర తక్కువేశావు” అంది.

మధ్యాహ్నం తోట చూస్తానని బయల్దేరింది. లతై ముందు నడిచింది, నేను వెనక. ఆవిడకు మోకాళ్ల నొప్పి. రెండు వరసలు నడిచి ఒక మొద్దు మీద కూర్చుంది. చుట్టూ తీగలు, గుత్తులు గుత్తులుగా పచ్చికాయ.

“ఇవన్నీ నువ్వే ముట్టించావా?”

“అవును అత్తా.”

“చెయ్యి చూపించు.”

లతై చెయ్యి చాపింది. వదిన ఆ బొటనవేలు పట్టుకుని, గోరు పక్కన చర్మం కాయ కాచిన చోట నొక్కి చూసింది. వారం నుంచి ఈ ఇంట్లో ఎవరమూ ఆ వేలు చూడలేదు.

“పొద్దున నేను తీసుకున్న కాయ నీకిస్తున్నాను” అంది వదిన. “ఫహూ చేతినుంచి వచ్చినదాన్ని మళ్లీ ఎవరూ అడగరు. చర్చి అడగదు, చుట్టాలడగరు, నీ తమ్ముడడగడు.”

నేను అక్కడే నేలమీద కూర్చుండిపోయాను. ఈవిడ కాయంతా రాజధానికి ఎత్తుకుపోయి అమ్ముకుంటుందని పొద్దున్నుంచీ తిట్టుకుంటున్నాను.

నా కూతురు మాత్రం నాలా కరగలేదు. ఇరవై ఆరేళ్లది, దాని పట్టు దానిది.

“ఈ ఏడు నువ్వొచ్చావు అత్తా. వచ్చే ఏడో? భూమి తమ్ముడికి వెళ్తుంది. చట్టమే అంత, ఆడదానికి రాదు. ఏటా నువ్వొచ్చి అడుగుతావా?”

“ఏటా అడిగితే దాన్ని బిచ్చం అంటారు” అంది వదిన. “పదేళ్లకోసారి అడిగాను కాబట్టి ఇవాళ ఎవరూ నోరెత్తలేదు. పోయినసారి ఒక కుట్టుమిషను అడిగి తప్పు చేశాను. ఎంత చిన్నదానికి ఎంత పెద్ద హక్కు వాడేశానని తర్వాత ఏడ్చాను.”

నావైపు చూడలేదు. చూడకపోవడమే మంచిదైంది. ఆ మాటతో నేను క్షమించేశానని మాత్రం అనుకోకండి.

“మరి నన్నేం చెయ్యమంటావు?”

“భూమి కోసం ఏడవడం మానెయ్యి. నేను ముప్ఫై ఏళ్లు ఏడ్చాను. ఈ తీగ మా నాన్న నాటాడు, నేను నీళ్లు మోశాను, మీ నాన్నకెళ్లింది. అయిపోయింది. ఇప్పుడు చెప్పు. ఈ కాయకి విలువ ఎక్కడ పుడుతుంది? తీగమీదా?”

లతై ఆలోచించింది. “కాదు. కోశాక. వేణ్ణీళ్లలో ముంచి, దుప్పట్లో చుట్టి చెమట పట్టించి, ఎండలో ఆరబెట్టి... అప్పుడు వాసన వస్తుంది.”

“ఆ పని మీ ఊళ్లో ఎందరికి వచ్చు?”

“బాగా వచ్చినవాళ్లు ఇద్దరు. ఒకావిడకి చూపు ఆనడం లేదు.”

“అయితే భూమి వాళ్లనుంచుకోమను. దుప్పటి నీ చేతిలో ఉంచుకో. ఈ ఏడు నీ కాయ చెయ్యి. వచ్చే ఏడు పక్కవాళ్ల పండుకాయ కూడా కొని చెయ్యి. నాలుగో ఏటికి నీ తమ్ముడు తన కాయ పట్టుకుని నీ వాకిట్లోకే రావాలి. వాణ్ణి దెబ్బ కొట్టడానికి కాదు. వాడు కూడా బాగుపడేది అప్పుడే. పెళ్లి చేసుకో, ఎవణ్ణయినా చేసుకో. ఏ ఊరెళ్లినా ఆ దుప్పట్లు నీతో వస్తాయి. తోట రాదు.”

నేను ఆ వరసల్ని చూస్తున్నాను. ఇన్నేళ్లుగా నాకు కనబడింది తీగలే. ఆవిడకి నాలుగేళ్ల అవతల జరగబోయేది కూడా కనబడుతోంది. చర్చిలో పాట అందుకున్నప్పుడు ఒక్కోసారి ఒళ్లు జలదరిస్తుంది కదా, పట్టపగలు ఆ తోటలో నాకలా అయింది.

“ఇంకోటి” అంది వదిన లేవబోతూ. “రేపు వాడికి పెళ్లయి పిల్లలు పుడతారు. వాళ్లకి నువ్వు ఎవరు?”

లతై తలెత్తింది.

“మేనత్తని.”

“మరి అడగడం ఇప్పట్నుంచే దాచుకో. కుట్టుమిషన్ల మీద ఖర్చు పెట్టకు.”

లతై ఆవిడ మోకాలి మీద తల పెట్టి ఏడ్చింది. వదిన దాని జుట్టు నిమురుతూ, నాతో, “నువ్వెందుకే ఏడుస్తావు? నీకేం ఇవ్వలేదుగా” అంది.

లతై నీళ్లు తేవడానికి వెళ్లాక నేను నోరు తెరిచాను. పొద్దున్నుంచీ అడగాలనుకుంటున్నదే అది.

“వదినా, ఈ సంగతి నీకెవరు చెప్పారు? మేం ఫోన్ చెయ్యలేదు. లతై చేసిందా?”

“లేదు.”

“మరి?”

ఆవిడ బైబిలు సంచీలోంచి అరిటాకు ముక్క తీసింది. విప్పితే లోపల ఒక వనిల్లా కాయ, వాడిపోయి ముడతలు పడింది. పచ్చిగా ఉండగానే కోసింది.

“గురువారం పొద్దున ఓడ టికెట్లమ్మే అమ్మాయి తెచ్చిచ్చింది. చీటీ లేదు, మాట లేదు. వాసన చూశాను, ఏమీ రాలేదు. ఈ తోటలో కాయని ఇంత ముందు ఎవరూ కొయ్యరు. కోసి నాకు పంపారంటే ఇంట్లో ఏదో పచ్చిగా కోసేస్తున్నారని. నన్ను రమ్మని.”

“ఎవరు పంపారు?”

“మీ ఆయన కాక ఇంకెవరు? ఆకు మడత మా నాన్న నేర్పినది. మా ఇద్దరికే వచ్చు.”

ఈ మనిషిని ఇరవై ఎనిమిదేళ్లుగా నోట్లో వేలు పెడితే కొరకలేనివాడని అందరితో చెప్పుకున్నాను. ఎదుట కూర్చోబెట్టి కూడా చెప్పాను. ఆదివారం ఆమెన్ అన్నాడు. కొడుకు పరువు నిలబెట్టాడు. బుధవారం ఒక్క కాయ కోసి ఆకులో చుట్టాడు. అక్కని రమ్మని తమ్ముడు అడగలేదు, కొడుకు మాట తప్పు అని తండ్రి అనలేదు. రేపు ఎవరైనా ప్రమాణం చెయ్యమంటే, నేనెవరికీ ఏమీ చెప్పలేదని బైబిలు ముట్టుకుని చెప్పగలడు. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడంటారు. వదిన తెలివికి ఇంతసేపూ మురిసిపోయాను. ఆ తెలివిని వసారాలోంచి కదలకుండా సముద్రం మీదుగా పిలిపించిన మనిషి తాడు పేనుకుంటూ కూర్చున్నాడు.

“వాడికి ఒకటే భయం” అంది వదిన. “ఇది తను చేశాడని కొడుక్కి తెలిస్తే, ఇంక ఆ పిల్లాడు తండ్రిని నమ్మడు. నలుగురిలో ఆమెన్ అని, చాటుగా కాళ్ల కింద చాప లాగాడనుకుంటాడు. అది నిజమే కూడాను.”

సాయంత్రం నాలుగింటికి సియోసాయా తిరిగొచ్చాడు. నేను వంటపాకలో రేపటి ఆదివారపు గుంతపొయ్యికి ఆకుకూర, కొబ్బరిపాలు పొట్లాలు కడుతున్నాను. మా ఆయన పక్కనే కూర్చుని కొబ్బరి కోరుతున్నాడు. ఆయన మొహంలోకి చూడటానికి నాకు పొద్దుట్నుంచీ లేని బిడియం వచ్చింది.

“ఏమన్నాడురా?” అన్నాను.

“తల వంచాడు. ‘మీ అత్త అడిగితే నేనెవణ్ణి’ అన్నాడు. సోమవారం వచ్చి అత్తకి దణ్ణం పెట్టి పోతానన్నాడు.” వాడు గుమ్మానికి ఆనుకున్నాడు. “పడవ వాటా మాత్రం పోయింది. వేరేవాళ్లకిచ్చేశాడు.”

కొబ్బరి కోరుతున్న చప్పుడు కాస్త నెమ్మదించింది.

“అమ్మా. అత్తకి కబురు ఎవరు పెట్టారు?”

నేను పొట్లం ముడి వేస్తూనే ఉన్నాను.

“అక్కే అయ్యుండాలి” అన్నాడు. “ఇంకెవరికీ అవసరం లేదు. నా ఎదుట మాట్లాడకుండా, వెనకనుంచి నన్ను పడగొట్టింది. నువ్వు చెప్పు, నేను దాన్ని ఏమీ అనకూడదు కాబట్టి నిన్నే అడుగుతున్నాను. అక్కేనా?”

కోరడం ఆగిపోయింది. మా ఆయన తల ఎత్తాడు. నోరు తెరవబోయాడు. ఆ నోరు తెరిస్తే ఏం వస్తుందో నాకు తెలుసు, దానితో ఏం పోతుందో కూడా తెలుసు. అక్కాతమ్ముళ్ల మధ్య విషం పడితే నాలుగో ఏట వాడు దాని వాకిట్లోకి రాడు. తండ్రి అని తెలిస్తే ఈ వాకిట్లోనే ఉండడు. వాడు కోప్పడి, అరిచి, మళ్లీ ఆకలేసి వెతుక్కుంటూ వచ్చే మనిషి ఈ ఇంట్లో ఒక్కతే ఉంది. జీవితంలో మొదటిసారి నేను ఒక అడుగు ముందు ఆలోచించాను.

“నేను పెట్టాను” అన్నాను.

“నువ్వా?”

“నేనే. బుధవారం ఓడలో పంపాను.”

వాడు నా మొహంలోకి చూశాడు. చిన్నప్పుడు నేను కొట్టినప్పుడు కూడా అలా చూడలేదు.

“నా ఎదుట కూర్చుని బుట్టలు లెక్కపెట్టావు కదమ్మా” అన్నాడు. “కోతకి మనుషుల్ని పిలిచింది నువ్వే కదా.”

అబద్ధం ఆడటం నాకు అంతవరకే వచ్చు.

వాడు ట్రక్కు తాళాలు తండ్రి పక్కన పీట మీద పెట్టాడు. ఎంతో మర్యాదగా, చప్పుడు కాకుండా పెట్టాడు. “నేను అమ్మ పుట్టింటికి, హాపై మామయ్య దగ్గరికి పోతున్నాను. సోమవారం ఓడకి” అని తండ్రికి చెప్పాడు, నాకు కాదు.

వాడి అడుగుల చప్పుడు దూరమైంది. అప్పుడు మా ఆయన, ఎవరితో అయినా పదిమాటల్లో తొమ్మిది మింగేసే ఆ మనిషి, కొబ్బరిచిప్ప కింద పెట్టి నా చెయ్యి పట్టుకున్నాడు.

“సెయినీ” అన్నాడు. “నేను ఆలోచించింది కోత ఆగేంతవరకే.”